"అమ్మా, నాన్నతో నువ్వే చెప్పు"

(రేడియోలో మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



ఈపాటికి మీ ఇళ్ళల్లో భోజనాలయి, వంటిల్లు సర్దుకుని, కాస్త నడుం వాల్చి ఉంటారు. ఇదివరకు ఈ కార్యక్రమంలో నేను మీకు మాగాయ ఎండబెట్టడం గురించి చెప్పాను, పాత చీరలతో బొంతలు కుట్టడం గురించి చెప్పాను. ఇవాళ చెప్పబోయేది అలాంటి విషయం కాదు. చెప్పాలా వద్దా అని నాలుగు నెలలు తటపటాయించాను. చివరికి మా అమ్మాయిని అడిగాను. "చెప్పమ్మా, నా పేరు మాత్రం చెప్పకు" అంది. మావారిని కూడా అడిగాను. "నీ ఇష్టం" అన్నారాయన. ఆ రెండు ముక్కలూ ఆయన నా మొహం చూసి నాతోనే అనడం వెనక ఎంత కథ ఉందో, వింటే మీకే తెలుస్తుంది.

నేను డాక్టర్ని కాను, పంతులమ్మని కూడా కాను. పదో తరగతి ప్యాసయి, పెళ్ళి చేసుకుని, తార్నాకకి కాపురానికి వచ్చినదాన్ని. "తార్" అంటే తీగ, "నాకా" అంటే కాపలా ఉండే చోటు. ఒకప్పుడిక్కడ తీగల కంచె, దానికో నాకా ఉండేవనీ, ఆ మాటలే ఊరి పేరయ్యాయనీ పెద్దవాళ్ళు చెబుతారు. ఇప్పుడు ఆ కంచే లేదు, ఆ కాపలాదారూ లేడు. 2017 నుంచి నెత్తిమీద మెట్రో రైలు పరిగెడుతోంది. మా వీధులకి పేర్లకంటే నంబర్లు ఎక్కువ. పక్కనే ఉస్మానియా యూనివర్శిటీ. అది 1917లో ఏర్పడింది. అందుకని మా పేటలో ఏ వీధిలో చూసినా మేడమీద గదుల్లో స్టూడెంట్లే. నల్లగొండ నుంచి, పాలమూరు నుంచి, కరీంనగర్ నుంచి వచ్చిన పిల్లలు. పొద్దున్నే బకెట్ల చప్పుడు, రాత్రి పన్నెండు దాకా దీపాలు. ఇరవై ఏళ్ళ పిల్లలంటే మాకు కొత్తేం కాదు. వాళ్ళ గురించి నాకంతా తెలుసునని అనుకునేదాన్ని. నా కడుపున పుట్టిన పిల్ల గురించే తెలియలేదు.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. ఐదేళ్ళ కిందట మావారు తమ్ముడికి డబ్బు సర్దారు. అమ్మాయి పెళ్ళి కోసం పైసా పైసా కూడబెట్టిన డబ్బు. నాతో మాట మాత్రమైనా అనలేదు. బ్యాంకు పుస్తకం చూస్తే తెలిసింది. ఆ డబ్బు ఇంతవరకు తిరిగి రాలేదు. ఆ రోజు పెద్ద గొడవే అయింది. తరవాత గొడవ ఆగింది గానీ, దాంతోపాటు మాటలూ ఆగిపోయాయి. ఎవరైనా ఇంటికొస్తే ఇద్దరం చక్కగా మాట్లాడుకునేవాళ్ళం. వాళ్ళు చెప్పులేసుకుని మెట్లు దిగగానే మళ్ళీ మౌనం.

కానీ మాటల్లేకుండా ఇల్లు ఎలా గడుస్తుందండీ? పాలవాడి లెక్క ఉంటుంది, కరెంటు బిల్లు ఉంటుంది. అందుకని మా అమ్మాయి ఉంది. "నాన్నతో చెప్పవే, గ్యాస్ అయిపోవచ్చిందని" అని వంటింట్లోంచి నేను. "మీ అమ్మనడుగు, రేషన్ కార్డు ఎక్కడ పెట్టిందో" అని ముందు గదిలోంచి ఆయన. రెండు గదుల ఇల్లు. ఒకరి మాట ఒకరికి శుభ్రంగా వినిపిస్తుంది. అయినా పిల్ల వచ్చి చెప్పేదాకా ఇద్దరం విననట్టే ఉండేవాళ్ళం. ఇప్పుడు చెబుతుంటే నాకే సిగ్గుగా ఉంది.

అంతటితో ఆగలేదు. రాత్రి ఆయన పడుకున్నాక పిల్ల పక్కన చేరి నా మనసులో ఉన్నదంతా చెప్పుకునేదాన్ని. మీ నాన్న నన్నిలా చేశారు, మీ బామ్మ అలా అంది, మీ బాబాయి మనల్ని ముంచాడు. ఒక్కొక్కసారి ఏడ్చేదాన్ని కూడాను. పిల్ల తల నిమిరేది, మంచినీళ్ళు తెచ్చిచ్చేది. నా గుండె బరువు దిగేది, నిద్ర పట్టేది. కూతురు పెద్దదైతే తల్లికి స్నేహితురాలంటారు కదా, దేవుడు నాకు మంచి స్నేహితురాలినిచ్చాడని మురిసిపోయాను. ఆ తరవాత ఆ పిల్లకి నిద్ర పట్టేదా లేదా అని ఒక్కనాడూ ఆలోచించలేదు.

మా అమ్మాయి యూనివర్శిటీలో ఎమ్మే చదువుతోంది. కిందటేడు దసరా సెలవుల తరవాత ఇంటికి ఆలస్యంగా రావడం మొదలుపెట్టింది. అయిదున్నరకి వచ్చేది ఏడయింది, ఏడు ఎనిమిదిన్నరయింది. అడిగితే లైబ్రరీ అనేది. ఎదురింటావిడ ఓ రోజు, "మీ అమ్మాయి ఈమధ్య చీకటిపడ్డాక వస్తోందేమండీ" అంది మెల్లగా. ఇక చూడండి నా అవస్థ. అందరు తల్లుల్లాగే నాకూ ఒక్కటే తట్టింది, ఎవరో అబ్బాయి ఉండి ఉంటాడని. స్నానానికి వెళ్ళినప్పుడు దాని సంచీ వెతికాను. నోటు పుస్తకాలు, ఓ దువ్వెన, సగం తిన్న బిస్కట్ పొట్లం. ఇంకేం లేవు.

ఓ సాయంత్రం ఆగలేక నేనే బయల్దేరాను. తార్నాక వైపు నుంచి యూనివర్శిటీలోకి నడిస్తే పాతిక నిమిషాలు పడుతుంది. ఆ దారి, ఆ చెట్లు నాకు బాగా తెలిసినవే. పెళ్ళయిన కొత్తల్లో మావారూ నేనూ సాయంత్రాలు అటే షికారు వెళ్ళేవాళ్ళం. ఆర్ట్స్ కాలేజీ మీలో చాలామంది చూసే ఉంటారు. 1939లో ప్రారంభమైన గులాబీరంగు రాతి కట్టడం, ఎదురుగా వెడల్పాటి మెట్లు. ఆ మెట్లమీద ఓ పక్కగా, స్తంభానికానుకుని మా పిల్ల కూర్చుని ఉంది. పక్కన ఏ అబ్బాయీ లేడు. చేతిలో పుస్తకం లేదు. ఊరికే కూర్చుని ఉంది.

నన్ను చూసి భయపడలేదు, ఆశ్చర్యపోనూ లేదు. అలసటగా జరిగి చోటిచ్చింది.

"ఇంటికి రాకుండా ఇక్కడేం చేస్తున్నావే?" అన్నాను.

"ఎనిమిదయ్యేదాకా చూస్తున్నానమ్మా. ఎనిమిదింటికి నాన్న అన్నం తినేస్తారు. తరవాత వస్తే మీ ఇద్దరి మధ్యా కూర్చుని తినక్కర్లేదు."

నాకు నోట మాట రాలేదు. అది మెట్లవైపు చూస్తూనే ఇంకో మాట అంది. "నాకు నాన్నంటే ఇష్టం అమ్మా. ఆ మాట నీ దగ్గర అనడానికి భయం. ఆయన దగ్గర కూర్చుంటే నీకు కష్టమేమోనని కూర్చోను. నీ దగ్గర కూర్చుంటే ఆయన పేపరు అడ్డం పెట్టుకుంటారు. నేనెక్కడ కూర్చోను?"

సోదరీమణులారా, ఆంబోతులు కుమ్ములాడుకుంటే మధ్యన లేగదూడల కాళ్ళు విరిగాయని మన పెద్దలన్నారు. ఆ సామెత నేనెన్నిసార్లు వాడానో లెక్కలేదు, ఎప్పుడూ పక్కింటివాళ్ళ గురించే. మా ఇంట్లో దూడ ఉందని నాకు తట్టలేదు.

ఆ సాయంత్రమే ఇంకో సంగతి తెలిసింది. అప్పటికి రెండు నెలలుగా అది యూనివర్శిటీలో ఒకావిడ దగ్గరికి వెళుతోందట. సైకాలజీ చదివినావిడ. పిల్లలు వెళితే కూర్చోబెట్టి వింటుందట. నిజం చెబుతున్నాను, అది విన్నాక నాకు బుద్ధి రావలసింది పోయి కోపం వచ్చింది. ఇంటి గుట్టు లంకకు చేటంటారు. మన ఇంటి గొడవ పరాయి మనిషికి చెబుతావా అని దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడకుండా నడిచాను. నా ఇంటి గుట్టంతా ఆ పిల్ల నెత్తిమీదే పెట్టి, అది మోయలేక ఎక్కడో దించుకుంటే దానిమీద కోపం!

నాలుగు రోజుల తరవాత ఆవిడ దగ్గరికి నేనే వెళ్ళాను. పోట్లాడదామనే వెళ్ళాననుకోండి. ఆవిడ కుర్చీ చూపించి కూర్చోమంది. "మీ అమ్మాయి నాతో చెప్పినవి మీకు చెప్పను. మీరిప్పుడు చెప్పబోయేవి ఆ అమ్మాయికి చెప్పను" అంది ముందే. తరవాత అరగంట విన్నది. నేను మా మరిది దగ్గర మొదలుపెట్టి బ్యాంకు పుస్తకం దాకా అంతా చెప్పాను. ఆవిడ మావారిది తప్పనలేదు, నాది తప్పనలేదు. ఆ డబ్బు సంగతి ఎలా తేల్చుకోవాలో చెప్పలేదు. లేవబోతుంటే ఒక్కటే అడిగింది. "ఈసారి గ్యాస్ అయిపోయినప్పుడు మీవారితో మీరే చెప్పగలరా? అదొక్కటి చేసి చూడండి."

ఇదేం సలహా అనుకున్నాను. ఇంత పెద్ద కష్టానికి ఇంత చిన్న మందా అని. కానీ మూడో రోజు పొద్దున్న స్టవ్ దగ్గర నిలబడితే తెలిసింది అదెంత పెద్ద పనో. "నాన్నతో చెప్పవే" అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను. చెయ్యి తుడుచుకుని ముందు గదిలోకి వెళ్ళి, "గ్యాస్ అయిపోవచ్చింది, బుక్ చెయ్యండి" అన్నాను. ఆయన పేపరు దించి అలవాటుగా పిల్లవైపు చూశారు. పిల్ల కదలలేదు. అప్పుడు నావైపు చూసి "సరే" అన్నారు.

అంతే జరిగింది. మా డబ్బు గొడవ తీరలేదు. ఇవాళ్టికీ ఆయనమీద నాకు కోపం ఉంది. ఎవరి దగ్గరికైనా వెళ్ళి ఇద్దరం కూర్చుని మాట్లాడదామంటే ఆయనింకా ఒప్పుకోలేదు. కానీ మా అమ్మాయి అయిదున్నరకి ఇంటికొస్తోంది. వాళ్ళ నాన్న పక్కన కూర్చుని క్రికెట్ చూస్తోంది. అది నవ్వుతుంటే వంటింట్లో ఉన్న నాకు మొదట్లో కాస్త కష్టంగానే ఉండేది. ఇప్పుడు లేదు.

ఇదంతా అయ్యాక నేను ఆలోచించుకున్న నాలుగు మాటలు మీతో చెప్పాలనే ఇవాళ ఇక్కడికి వచ్చాను.

మొదటిది మనకే. మొగుడూ పెళ్ళాలకి తగవులు రాని ఇల్లుండదు. తగవు పడ్డందుకు మనమేం సిగ్గుపడక్కర్లేదు. కానీ ఆ తగవులో పిల్లల్ని కబురు మోసేవాళ్ళని చెయ్యకూడదు, సాక్షుల్ని చెయ్యకూడదు, తీర్పు చెప్పేవాళ్ళని అసలే చెయ్యకూడదు. "నువ్వే చెప్పు, మీ నాన్న చేసింది న్యాయమేనా?" అని ఎన్నిసార్లు అడిగానో నేను. ఆ పిల్ల ఏం చెప్పినా ఒకరికి ద్రోహం చేసినట్టే. పాతికేళ్ళు వచ్చినా పిల్లలు పిల్లలే. మన గొడవ తీర్చడం వాళ్ళ పని కాదని మన నోటితో మనమే చెప్పాలి. వాళ్ళకై వాళ్ళు అలా అనుకోలేరు. నా మూలంగానే ఇదంతా అని లోపల కుమిలిపోయేవాళ్ళు కూడా ఉంటారు.

మరి మన బాధ ఎవరితో చెప్పుకోవాలి అంటారు. చెప్పుకోవాలి, తప్పకుండా చెప్పుకోవాలి. అక్కచెల్లెళ్ళున్నారు, ఈడు స్నేహితురాళ్ళున్నారు, కౌన్సిలర్లున్నారు. కడుపున పుట్టినవాళ్ళతో మాత్రం వాళ్ళ తండ్రి మీద చాడీలు వద్దు. మీవారు చెడ్డవారైతే ఆ సంగతి పిల్లలకి మీరు చెప్పకుండానే తెలుస్తుంది.

ఇక్కడో సంగతి స్పష్టంగా చెప్పాలి. ఇంట్లో చెయ్యి చేసుకోవడం, తాగొచ్చి హింసించడం ఉంటే అది తగవు కాదు, నేరం. అలాంటిచోట సర్దుకుపొమ్మని నేను చెప్పడం లేదు. గృహహింస నుంచి స్త్రీలకి రక్షణ కల్పిస్తూ 2005లో చట్టం వచ్చింది. 181 నంబరుకి ఫోన్ చేస్తే ఆడవాళ్ళకి సాయం అందుతుంది. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలకి 1098 ఉంది. ఈ నంబర్లు క్యాలెండరు మీద రాసి పెట్టండి. మనకి కాకపోయినా ఎవరికో ఒకరికి పనికొస్తాయి.

రెండో మాట, మన మేడమీద ఉండే పిల్లల గురించి. మా పై గదిలో ఓ అబ్బాయి ఉంటాడు, నల్లగొండ జిల్లా నుంచి వచ్చాడు. అన్నదమ్ముల మధ్య పొలం పంపకాల గొడవ. రోజూ రాత్రి పెద్దన్న ఫోన్ చేసి చిన్నన్న మీద చెబుతాడు. ఆ తరవాత చిన్నన్న, ఆ తరవాత తల్లి ఏడుపు. పరీక్షలు దగ్గరపడ్డాయి. పిల్లవాడు మెస్‌లో సరిగా తినడం మానేశాడు, గడ్డం పెంచాడు. ఇదివరకైతే నేను, "చదువు సంగతి చూసుకో బాబూ, అవన్నీ నీకెందుకు" అని ఊరుకునేదాన్ని. ఈసారి టీ పెట్టి పిలిచాను. వచ్చి మెట్టుమీద కూర్చున్నాడు. చాలాసేపు గ్లాసు వైపు చూశాడు. తరవాత చెప్పాడు. నేనేం చెప్పలేదు. చెప్పాలని నోరు పీకిందనుకోండి! "అమ్మ కదా, సర్దుకోవాలి" అని ఒకటి, "మా కాలంలో ఇంతకంటే పెద్ద కష్టాలు పడ్డాం" అని ఇంకొకటి, "మీ పెద్దన్నే మంచివాడు కాదులా ఉంది" అని మరొకటి. మూడూ మింగేశాను. ఈ మూడు మాటలూ మనం ఓదార్పు అనుకుంటాం. వినేవాళ్ళకి మాత్రం మూడూ తలుపులు మూసినట్టే ఉంటాయని మా అమ్మాయే చెప్పింది. గ్లాసు కిందపెట్టి లేచేటప్పుడు ఆ అబ్బాయి, "ఆంటీ, రాత్రి తొమ్మిది తరవాత ఫోన్ తియ్యనని ఇంట్లో చెప్పేస్తాను" అన్నాడు. ఆ ఆలోచన నాది కాదు, వాడిదే. చెప్పుకోగలిగితే దారి వాళ్ళకే కనిపిస్తుంది.

ఈ సందర్భంలో ఓ పాత సంగతి చెబుతాను. 1953లో లండన్‌లో చాడ్ వారా అనే క్రైస్తవ మతగురువు, బతుకుమీద విరక్తి పుట్టినవాళ్ళకోసం తన చర్చిలో ఓ ఫోన్ పెట్టుకుని కూర్చున్నాడు. జనం ఎక్కువగా రాసాగారు. లోపల ఆయనతో మాట్లాడటానికి తమ వంతు వచ్చేదాకా బయట కూర్చునేవాళ్ళకి టీలిచ్చి పలకరించడానికి మామూలు మనుషులు కొందరు చేరారు. చిత్రమేమిటంటే, ఆ టీ తాగుతూ మనసులో ఉన్నది చెప్పుకున్నవాళ్ళలో చాలామందికి లోపలికి వెళ్ళే అవసరమే కనిపించలేదు. అది గమనించి ఆయన ఆ పని ఆ మామూలు మనుషులకే అప్పజెప్పాడు. అలా పెరిగిందే సమారిటన్స్ సంస్థ. మన హైదరాబాదులో కూడా రోష్ని అనే సంస్థ 1997 నుంచి ఇదే పని చేస్తోంది. శిక్షణ పొందిన వాలంటీర్లు కూర్చుని వింటారు. టీ పెట్టి కూర్చోబెట్టి వినడం మనకి చేతకాని పనా చెప్పండి?

అయితే వినడానికి కూడా ఓ నియమం ఉంది. విన్నది ఎదురింటావిడకి చేరకూడదు. ఆ పిల్లల తల్లిదండ్రులకి మనమే ఫోన్ చేసి చెప్పేయకూడదు. ఒక్క సందర్భంలో మాత్రం గుట్టు దాచకూడదు. "నేను లేకపోతే అందరికీ హాయి" లాంటి మాట పిల్లల నోట వస్తే, ఉత్త మాట అని కొట్టిపారెయ్యకండి. చావు గురించి ఆలోచిస్తున్నావా అని నేరుగా అడగండి. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది ఉత్త భయం. ఒంటరిగా వదలకుండా దగ్గరే ఉండండి, ఇంటివాళ్ళకి గానీ డాక్టరుకి గానీ చెప్పండి. 2022 అక్టోబరు నుంచి ప్రభుత్వం టెలీ మానస్ అని ఓ ఫోన్ సేవ నడుపుతోంది. నంబరు 14416. రాత్రీ పగలూ ఎప్పుడైనా చెయ్యొచ్చు, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. మళ్ళీ చెబుతున్నాను, ఒకటి నాలుగు నాలుగు ఒకటి ఆరు. ప్రాణం మీదికి వస్తేనే చెయ్యాలని లేదు. ఇంట్లో గొడవలతో మనసు బాగా లేదన్నా వింటారు.

మూడో మాట. పిల్లలు బయటివాళ్ళ దగ్గర చెప్పుకుంటే ఇంటి పరువు పోయిందనుకోవద్దు. ఆ తప్పు నేను చేశాను కాబట్టే చెబుతున్నాను. కౌన్సిలర్ దగ్గరికి వెళ్ళడమంటే పిచ్చి పట్టిందని కాదు. 2025 జులైలో సుప్రీంకోర్టు, వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోనూ అర్హత ఉన్న కౌన్సిలర్ కనీసం ఒకరైనా ఉండాలని ఆదేశించింది. విశాఖపట్నంలో డాక్టరీ ప్రవేశపరీక్షకి చదువుకోవడానికి వచ్చి చనిపోయిన ఓ పదిహేడేళ్ళ పిల్ల తండ్రి కోర్టుకెక్కిన కేసులో వచ్చిన తీర్పు అది. తన పిల్లకి అందనిది మన పిల్లలకి అందే ఏర్పాటు ఆ తండ్రి మూలంగా జరిగింది. కాబట్టి ఫీజు కట్టడానికి కాలేజీకి వెళ్ళినప్పుడు, బస్సు ఉందా, మెస్ ఉందా అని అడిగినట్టే, కౌన్సిలర్ ఉన్నారా, ఏ రోజుల్లో ఉంటారు అని కూడా అడగండి. మనం అడిగితేనే వాళ్ళూ పట్టించుకుంటారు.

నాలుగో మాట చెప్పి ముగిస్తాను. యూనివర్శిటీ ఆవరణలోనే ఆంధ్ర మహిళా సభ వారి కాలేజీ ఉంది. ఆ సభని 1937లో మద్రాసులో స్థాపించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి పేరు తెలియని తెలుగు ఇల్లాలు ఉండదు. ఎనిమిదో ఏట పెళ్ళి చేస్తే, పెద్దయ్యాక ఆ పెళ్ళి కాదనుకుని, చదువుకుని, లాయరై, రాజ్యాంగసభలో కూర్చున్న మనిషి. 1953లో చైనా వెళ్ళినప్పుడు ఆవిడ అక్కడి కుటుంబ కోర్టులు చూశారు. సంసారాల తగవులకి మామూలు కోర్టులు పనికిరావనీ, వేరే కోర్టులు కావాలనీ ఇక్కడి పెద్దలకి గట్టిగా చెప్పారు. ఆవిడ 1981లో పోయారు. కుటుంబ న్యాయస్థానాల చట్టం 1984లో వచ్చింది. ఆ చట్టంలో నాకు నచ్చింది ఏమిటంటే, జడ్జీగారు ముందు ఇద్దర్నీ కలపడానికి ప్రయత్నించాలంటుంది, అందుకు కౌన్సిలర్ల సాయం ఉండాలంటుంది. అంత చదువుకున్న జడ్జీగారికే పక్కన సాయం కావాలని చట్టం అనుకుంటే, మనం ఇంట్లో ఇరవై ఏళ్ళ పిల్లని ఒక్కదాన్నీ మధ్యన నిలబెట్టి తగవు తీర్చమంటున్నాం. ఇది న్యాయమేనా?

ఈ ప్రసంగం రాసుకుంటుంటే మా అమ్మాయి వెనకనించి చదివింది. "ఇంకో ముక్క రాయమ్మా" అంది. ఏమిటే అంటే, "నువ్వొచ్చి ఆ మెట్లమీద నా పక్కన కూర్చున్నావు చూడు, తిట్టకుండా. అది రాయి" అంది. నిజానికి తిడదామనే వెళ్ళాను. దాని మొహం చూశాక మాట రాలేదు, అంతే. ఆ మాట రాకపోవడమే దానికి పెద్ద సాయంలా కనిపించింది.

ఇప్పుడు నాలుగు గంటలవుతుంది. మీ పిల్లలు స్కూళ్ళ నుంచి, కాలేజీల నుంచి బయల్దేరే వేళ. మీ ఇంట్లోనూ పొయ్యిమీద ఏదో ఉండి ఉంటుంది. "నాన్నతో చెప్పవే" అనే కేక మీ గొంతులోనూ సిద్ధంగా ఉంటే, ఇవాళ ఒక్కరోజు దాన్ని ఆపండి. చెయ్యి తుడుచుకుని ముందు గదిలోకి మీరే వెళ్ళి చెప్పి చూడండి.